ముక్కు రాసిన సున్నా

మా ముక్కు గురించి నేను చెప్పిన కథల్లో సగం అబద్ధాలు. ఏ సగమో ఇప్పుడు నాకే సరిగ్గా గుర్తు లేదు.

ఒకసారి రైల్వేస్టేషన్లో కుళాయి తిప్పి, ఒక గుక్క పుక్కిలించి ఉమ్మి, "ఈ ట్యాంకు కడిగి పదకొండు నెలలైంది. కడిగినవాడు వేలికి అయోడిన్ పూసుకున్నాడు" అన్నాడని కనీసం వందమందికి చెప్పి ఉంటాను. పదకొండు నెలల సంగతి నిజం. అయోడిన్ పూసింది నేను.

అతని ఉద్యోగం నీళ్ళ రుచి చూడడం. ఇది మాత్రం నా కల్పన కాదు. ఊరికి మంచినీళ్ళిచ్చే ఆఫీసులో, పరీక్షలు చేసే ల్యాబు పక్కన, కిటికీలు ఎప్పుడూ మూసే ఉండే తెల్లటి గది ఒకటి ఉంది. సోమవారం, గురువారం ఊళ్ళోని తొమ్మిది ట్యాంకుల నీళ్ళూ మూతల సీసాల్లో తెచ్చి, గోరువెచ్చగా చేసి, అంకెలు వేసి వరసగా పెడతారు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. సీసా కదిపి, మూత తీసి వాసన చూస్తారు. ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. కాగితం మీద ఒక అంకె వేస్తారు. సున్నా అంటే ఏ వాసనా లేదని. ఐదంటే గొంతు దిగదని. యంత్రాలు లేవా అంటారేమో, ఉన్నాయి. కొన్ని వాసనల్ని యంత్రం పసిగట్టేలోపే మనిషి పసిగడతాడు. ఆ నలుగురిలో ముప్పై ఒక్కేళ్ళ నుంచి ఉన్నవాడు మా ముక్కు.

ఆ పేరు కాన్వెంటులో వచ్చింది. ఎనిమిదో తరగతిలో ఉండగా మదర్ గారి అల్మారాలో జామ్ సీసా ఖాళీ అయింది. ఆవిడ మా అందర్నీ వరసగా నిలబెట్టి, చేతులు చాపించి, వాసన చూసి దొంగని పట్టమని వీడికి చెప్పింది. వాడు ఒక్కొక్కరి వేళ్ళూ చూసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ఒక్క క్షణం ఆగాడు. ముందుకెళ్ళిపోయాడు. "వీళ్ళెవరూ కాదు మదర్" అన్నాడు. ఆ ముక్కు కాదంటే కాదని మదర్ మమ్మల్ని వదిలేసింది. జామ్ తిన్నది నేనే. వాడు మొహంలో గీత కదలకుండా అబద్ధం ఆడగలడని నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత మర్చిపోయాను.

ఉద్యోగం కోసం అతను ముప్పై ఒక్కేళ్ళు వాసన సబ్బు ముట్టుకోలేదు. సిగరెట్టు కాల్చేవాడు పక్కన కూర్చుంటే నిండు బస్సులో లేచి నిలబడేవాడు. పెళ్ళైన కొత్తలో వాళ్ళావిడ పౌడరు రాసుకుని ఎదురొస్తే, "రేపు గురువారం" అని గదిలోంచి బయటికెళ్ళిపోయాడట. ఆవిడ ఆ డబ్బాని కిటికీలోంచి విసిరేసింది. మాటని మాత్రం దాచుకుంది. ఇక భోజనం దగ్గర ఆవిడ పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. కష్టపడి ఏం వండి పెట్టినా, "కూర బాగానే ఉంది, నీళ్ళు మాత్రం పెరటి కుళాయివి. ఆ వాషరు మార్పించాలి" అనేవాడు.

ఆఫీసులో మిగతా ముగ్గురు ఎవరంటే, ఒక గుమాస్తా, ల్యాబులో పనిచేసే అమ్మాయి, జీపు డ్రైవరు. ముగ్గురివీ మంచి ముక్కులే. కానీ పక్కన ఇలాంటివాడు ఉంటే ఎవడైనా ఏం చేస్తాడు? సీసా వాసన చూసి, కాగితం మీద పెన్ను ఆనించి, ఓరకంట అతని మొహం చూసేవాళ్ళు. అతని కుడి కనుబొమ్మ కొంచెం లేస్తే ఒకటి. రెండూ ముడిపడితే మూడు. ఏమీ కదలకపోతే సున్నా. నలుగురి అంకెలూ ఎప్పుడూ కలిసేవి. "మన దగ్గర తేడా అన్నది రాదు" అని పై ఆఫీసరు మెచ్చుకుని ఒక షీల్డు కూడా ఇచ్చాడు.

నాలుగు నెలల క్రితం అతనికి జ్వరం వచ్చింది. పది రోజులు మంచం మీద ఉన్నాడు. లేచిన మర్నాడు హాల్లో కూర్చుని పేపరు చదువుతుంటే వాళ్ళావిడ వీధిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే అలా కూర్చున్నారేంటండీ, విగ్రహంలాగా?"

అతను లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె నల్లగా ఉంది. పొగ కనపడుతోంది. వాసన లేదు. గిన్నె మీదికి వంగి గట్టిగా పీల్చాడు. వేడి తగిలింది, అంతే.

జలుబు వదిలితే వస్తుందనుకున్నాడు. జలుబు వదిలింది, వాసన రాలేదు. నాలిక మీద ఉప్పూ తీపీ మంటా తెలిసేవి, వాటి వెనక ఉండాల్సింది ఏదీ లేదు. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగాను.

"రేపు చెబుదామనుకున్నానురా."

"ఏ రేపు?"

"ప్రతి రేపూ."

రిటైరవడానికి ఏడాది ఉంది అప్పటికి. గురువారం వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు. సీసా కదిపాడు, మూత తీశాడు, గుక్క నోట్లో తిప్పాడు, ఉమ్మాడు. పాత కాగితాలు అతనికి కంఠతా వచ్చు. వానలు పడితే ఒకటి. ఎండలు ముదిరితే రెండు. మామూలు రోజుల్లో సున్నా. అలవాటు చొప్పున ముగ్గురూ అతని మొహం చూసి అదే వేశారు. అలా నాలుగు నెలలు గడిచాయి. నాలుగు నెలలు ఊరంతా తాగే నీళ్ళని వాసన చూసినవాడే లేడు.

భయం వేయలేదా అని అడిగాను. లేదట. సిగ్గు? అదీ లేదట. "చెవుల్లో నీళ్ళు పోతే మాటలన్నీ దూరంగా వినపడతాయి చూడు. మనుషులందరూ అలా ఉన్నారు. నేను కూడా నాకు అలాగే ఉన్నాను" అన్నాడు. ఇంట్లో ఏం పెడితే అది తినేవాడు, బాగుందనేవాడు. వాషర్ల ఊసు ఎత్తడం మానేశాడు. ఒకరోజు బజార్లో పౌడరు డబ్బా కొని తెచ్చి వాళ్ళావిడ చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళ తర్వాత పౌడరు డబ్బా తెచ్చిన మొగుణ్ణి ఏ ఆడదైనా అనుమానిస్తుంది. ఆవిడ వారం రోజులు అతని చొక్కా జేబులు వెతికింది. ఏమీ దొరక్క, చివరికి మంచివాడయ్యాడని నమ్మింది.

అలా ఉండగా ప్రెస్సువాడి అరవయ్యో పుట్టినరోజు వచ్చింది.

ప్రెస్సువాడంటే మా నలుగురిలో ఒకడు. ముందు అచ్చాఫీసు, వెనక కాపురం. ఇంకొకడు పళ్ళ డాక్టరు. నేనూ, ముక్కూ. ఎవరి పుట్టినరోజైనా మేమొక ఆట ఆడతాం. తలా ఒక విస్కీ సీసా తెస్తాం, నాలుగూ నాలుగు రకాలు. ఎవరు ఏది తెచ్చారో రెండోవాడికి తెలియకూడదు. ప్రెస్సువాడి భార్య వంటింట్లో తలుపేసుకుని, వాటిని కప్పుల్లో పోసి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేస్తుంది. ఏ అంకె ఎవరి సీసానో చీటీ మీద రాసి, కళ్ళజోడు పెట్టెలో దాచుకుంటుంది. ఏది ఎవరు తెచ్చిందో మేం రుచి చూసి రాయాలి. దీనికి బ్లైండ్ టేస్టింగ్ అని పేరు పెట్టినవాడు డాక్టరు, ఏదో పత్రికలో చదివి. రంగు చూసి పోల్చుకోకుండా కప్పులు కూడా వాడే తెస్తాడు, తన ఆస్పత్రిలో నోరు పుక్కిలించడానికి ఇచ్చే ఆకుపచ్చ కాగితం కప్పులు. పద్నాలుగేళ్ళుగా ఆడుతున్నాం. పద్నాలుగేళ్ళుగా ముక్కే గెలుస్తున్నాడు.

ఆ ఆదివారం అతను ఒక నిర్ణయం చేసుకుని వచ్చాడు. నీళ్ళు మొహమాటస్తులు, గట్టిగా ఏదీ చెప్పవు. విస్కీ అలా కాదు, వీధి చివర నుంచే కేకేస్తుంది. నాలుగింటిలో ఒక్కదాని వాసన తగిలినా సరే, మిగిలిన ఎనిమిది నెలలు నెట్టుకొస్తాను. ఏదీ తగలకపోతే సోమవారం ఆఫీసులో చెప్పేస్తాను. ఇదీ అతని లెక్క. మాకెవరికీ తెలియదు.

మధ్యాహ్నం మూడింటికి చేరాం. ఎప్పుడూ మేడ మీద కూర్చునేవాళ్ళం. అచ్చాఫీసులో ఇంకు వాసనని ముక్కు ఆ గుమ్మం కూడా తొక్కేవాడు కాదు. ఆ రోజు వాన. ఇంట్లో చోటు చాలక బల్లా కుర్చీలూ అచ్చుయంత్రం పక్కనే వేశారు. ముక్కు వచ్చి, రోలర్లు తుడిచే కిరసనాయిలు డబ్బా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ప్రెస్సువాడి భార్య బిస్కెట్ల పళ్ళెం పెడుతూ ఆగింది. మా ముగ్గురికీ ఆవిడ చెల్లెమ్మ.

"అన్నయ్యగారూ, ఇక్కడ ఫర్వాలేదా మీకు?"

"ఏం?"

"ఇంకూ, కిరసనాయిలూ..."

"ఒక్కరోజుకి ఏమవుతుందమ్మా."

ఆవిడ ఒక క్షణం అతన్ని చూసి లోపలికెళ్ళింది. నీళ్ళ జగ్గు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి చెయ్యి తియ్యలేదు.

"ఇవి కుళాయి నీళ్ళు. విస్కీలో కలపకండి. వాసనొస్తున్నాయి."

"మళ్ళీ మొదలెట్టింది!" ప్రెస్సువాడు తల పట్టుకున్నాడు. "మూడు వారాలుగా ఇదే గోల రా. తడిసిన గోనెసంచి వాసనంట. నాకు రాదు."

"మీకు ఇంకు తప్ప ఏ వాసన తెలుసు కనక?"

"సరే, నా సంగతొదిలెయ్. పక్కింటావిడకి వచ్చిందా?"

"మొదట్లో వచ్చింది."

"మరి ఇప్పుడు?"

ప్రెస్సువాడే చెప్పాడు. పక్కింటావిడకీ మొదట వాసన వచ్చిందట. నీళ్ళాఫీసాయన మీకు తెలిసినవాడే కదా, ఆయన్ని అడగండి అందట. చెల్లెమ్మ పదిరోజుల క్రితం ముక్కుకి ఫోన్ చేసి అడిగింది. మీ వీధి ట్యాంకు నిన్ననే చూశానమ్మా, సున్నా అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి పక్కింటావిడకి వాసన రావడం మానేసింది.

"ఇప్పుడు దీనికొక్కదానికే వస్తోంది" అన్నాడు ప్రెస్సువాడు.

డాక్టరు కప్పులు సర్దుతూ గొంతు తగ్గించాడు. "నవ్వులాట కాదురా. లేని వాసనలు వస్తున్నాయంటే ఒక్కోసారి తలలో ఏదైనా ఉండొచ్చు. నేను పళ్ళవాణ్ణే అనుకో, అయినా ఊరుకోకూడదని తల స్కానింగుకి రాసిచ్చాను. మంగళవారం వెళ్తోంది."

"పుట్టినరోజు పూట ఆ మాటలెందుకు" అంది చెల్లెమ్మ. "అన్నయ్యగారు చెప్పాక ఇంకేముంది. నా తలే." జగ్గు వదిలేసి వంటింట్లోకి వెళ్ళింది.

ముక్కు బిస్కెట్టు తుంచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. అతని మొహంలో గీత కదల్లేదు.

ఒకటో నంబరు కప్పులు వచ్చాయి.

"ఇది తాగాలా, పుక్కిలించి ఉమ్మాలా?" అన్నాను నేను.

"నీకు ఉన్న నాలుగు పళ్ళకి ఏది చేసినా ఒకటే" అన్నాడు డాక్టరు.

ముక్కు కప్పు ఎత్తాడు. కళ్ళు మూశాడు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, పద్నాలుగేళ్ళుగా చూస్తున్నట్టే. కప్పులో ఏమీ లేదు. అంటే విస్కీ ఉంది, వాసన లేదు. ఒక గుక్క తీసుకున్నాడు. నాలిక మీద మంట. మంట గొంతులోకి దిగింది. అయిపోయింది.

"చెప్పరా" అన్నాడు ప్రెస్సువాడు.

ఏదో ఒకటి చెప్పాలి కదా. "నారింజ తొక్క" అన్నాడు. "వెనకాల పాత చెక్కపెట్టె."

"అబ్బ! అవును రా!" డాక్టరు కప్పులో ముక్కు దూర్చాడు. "నారింజ తొక్కే! నేను నిమ్మ అనుకుంటున్నాను."

"చెక్కపెట్టె కూడా తెలుస్తోంది" అన్నాను నేను. ఒట్టు, నాకు నిజంగానే తెలిసింది. మూతకి తుప్పు పట్టిన మేకు కూడా తెలిసింది.

ముక్కు మా మొహాలు చూస్తూ కూర్చున్నాడు. ప్రెస్సువాడు ఒక గుక్క తాగి, బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటున్నాడు, కాగితం మందం చూస్తున్నట్టు. వాడికి ఏదైనా ఖాయంగా తెలిసినప్పుడు చేసే పని అది. ముక్కు చీటీ మీద రాశాడు. ఒకటి, ప్రెస్సు.

రెండో కప్పుకి డాక్టరు చాలా చిన్న గుక్క తీసుకుని, తను తాగడం మానేసి మా నోళ్ళ వంక చూడడం మొదలెట్టాడు. ముక్కు "తేనె, కాలిన రొట్టె" అన్నాడు. అందరికీ తేనె తగిలింది. రెండు, డాక్టరు.

మూడో కప్పు నా సీసా. ముందురోజే ఒక పెగ్గు రుచి చూసి గుర్తుపెట్టుకుని వచ్చాను. అందరం అదే చేస్తామని అప్పుడు తెలియదు. నేను ఏం తప్పు చేశానంటే, మాట్లాడడం మానేశాను. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు మౌనంగా ఉన్నది అదే మొదలు. మూడు, నేను. మిగిలిన నాలుగు, తనదే.

అన్నీ అయ్యాక ప్రెస్సువాడు కేకేశాడు. చెల్లెమ్మ కళ్ళజోడు పెట్టె తెచ్చి చీటీ తీసి చదివింది. మాకు తలా ఒకటి తగిలింది, ఎవరి సీసా వాళ్ళకి. ముక్కుకి నాలుగుకి నాలుగు.

"వీడు మనిషి కాదురా!" అని డాక్టరు బల్ల గుద్దాడు. నేను ఆగలేక అక్కడికక్కడే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు ముక్కు పనిచేసే ల్యాబులోనే ఆఫీసరు. "ఒరేయ్, మీ ఆఫీసు పరువు నిలబెట్టాడు. ఇంకు కంపులో, కిరసనాయిలు డబ్బా పక్కన, నాలుగుకి నాలుగు! సీసా ఏ కొట్లో కొన్నారో కూడా చెప్పాడు" అన్నాను. కొట్టు సంగతి నా సొంతం.

ముక్కు చప్పట్లు వింటూ కూర్చున్నాడు. ఆ క్షణంలో ఏమనిపించిందని తర్వాత అడిగాను. "ఏమీ లేదు. ఒకటి అర్థమైంది. ఇలా ఎనిమిది నెలలు కాదు, ఎనిమిదేళ్ళయినా నడుస్తుంది. మీరు నన్ను చూస్తున్నారు, నేను మిమ్మల్ని చూస్తున్నాను. కప్పులో ఏముందో ఎవడికీ అక్కర్లేదు" అన్నాడు.

చెల్లెమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి పళ్ళెంలో మూడు ఆకుపచ్చ కప్పులున్నాయి. నేరుగా తెచ్చి ముక్కు ముందు పెట్టింది.

"అన్నయ్యగారూ, వీటిలో రెండు కొన్న సీసా నీళ్ళు. ఒకటి మా కుళాయిది. ఏదో చెప్పండి."

"ఏంటే ఇది?" అన్నాడు ప్రెస్సువాడు.

"మీరాగండి. మంగళవారం ఆ గొట్టంలో పడుకునేముందు నాకు తేలాలి. నాకు పిచ్చో, ఆయనకి జలుబో. ఇంకు పక్కన కూర్చుని ఒక్క మాట అనలేదేంటి ఈయన?"

ముక్కు మొదటి కప్పు తీసి వాసన చూశాడు. రెండోది. మూడోది. మళ్ళీ మొదటిది. చెల్లెమ్మ మొహం చూశాడు. ఆవిడ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆవిడకి తను గెలవాలని లేదు, తెలుసుకోవాలని ఉంది, అంతే. అలాంటి మొహంలో చదవడానికి ఏమీ ఉండదు. మా వంక చూశాడు. మాకు తెలిస్తే కదా.

వాన చప్పుడు వినపడుతోంది.

"తెలీదమ్మా" అన్నాడు.

"సరిగ్గా చూడరా" అన్నాడు డాక్టరు.

"చూడ్డానికేం లేదు. నాలుగు నెలల నుంచి నాకు వాసన తెలీదు."

మేం ముగ్గురం పడీ పడీ నవ్వాం. పద్నాలుగేళ్ళ ఆటలో వాడు వేసిన మొదటి జోకు అది. నాలుగుకి నాలుగు చెప్పినవాడికి వాసన తెలీదట! ముక్కు మా నవ్వు అయ్యేదాకా ఆగాడు.

"నువ్వు వేళ్ళు రాసుకున్నావు" అన్నాడు ప్రెస్సువాడితో. "నువ్వు తాగడం మానేసి మమ్మల్ని చూశావు" అన్నాడు డాక్టరుతో. "నువ్వు నోరు మూశావు" అన్నాడు నాతో. "గుమ్మడికాయల దొంగంటే ముగ్గురూ భుజాలు తడుముకున్నారు. నేను రాసుకున్నాను. నారింజా లేదు, తేనే లేదు."

నా నోట్లో నారింజ తొక్క రుచి ఇంకా ఉంది. అది మెల్లగా పోయింది.

చెల్లెమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఆ ఫోన్లో సున్నా అన్నది?"

"చూడలేదమ్మా. రాశానంతే."

"నా తల బాగానే ఉందా?"

"నీ తల బాగుంది."

"పది రోజులండీ" అంది ఆవిడ. అరవలేదు. "పది రోజులుగా నా తలలో ఏదో పెరుగుతోందనుకున్నాను. బీరువాలో ఏది ఎవరికివ్వాలో చీటీలు కూడా అంటించాను. ఈయనకి చెప్పలేదు. మీరు సున్నా అన్నారని నా ముక్కు మీద నాకే నమ్మకం పోయింది. ఒక్క మాట, తెలీదమ్మా అని అప్పుడే అంటే మీదేం పోయేది?"

ఆవిడ మూడు కప్పుల్లో నీళ్ళూ కిటికీలోంచి వానలోకి పారబోసింది. ప్రెస్సువాడు బీరువా చీటీల మాట దగ్గరే ఆగిపోయాడు. పెళ్ళాన్ని కొత్తగా చూస్తున్నాడు. పుట్టినరోజు అక్కడితో అయిపోయింది.

సోమవారం నన్ను వెంట రమ్మన్నాడు. "నువ్వేం మాట్లాడకు. నువ్వు చెబితే నిజం కూడా చెడుతుంది" అన్నాడు. న్యాయమే.

ల్యాబులో అడుగుపెట్టగానే మా మేనల్లుడు లేచొచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. "నాలుగుకి నాలుగటగా సార్! కొట్టు పేరు కూడా చెప్పారటగా! పొద్దున్నే అందరికీ చెప్పాను."

"నాకు వాసన తెలీదండీ. నాలుగు నెలలైంది" అన్నాడు ముక్కు.

వాడు నవ్వి నా వంక చూశాడు. "మామయ్యా, నువ్వే నేర్పావు కదూ ఈ నాటకం?"

నేను అడ్డంగా తల ఊపాను. వాడు ఇంకా నవ్వాడు.

ముక్కే బల్ల దగ్గరికెళ్ళి, కొత్తగా చేరినవాళ్ళకి వాసనలు నేర్పడానికి ఉంచే సీసాల పెట్టె తెరిచాడు. కుళ్ళిన గుడ్డు వాసన సీసా అందులో చివరిది. మూత తీసి ముక్కు కింద పెట్టుకున్నాడు. గుమాస్తా మొహం తిప్పుకున్నాడు. ల్యాబు అమ్మాయి వరండాలోకి పరిగెత్తింది. మా మేనల్లుడు జేబురుమాలు తీశాడు. నేను గుమ్మం దాకా వెనక్కి నడిచాను. ముక్కు మాత్రం తోటలో నిలబడ్డట్టు నిలబడి, నిండుగా గాలి పీలుస్తున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి.

"చాలు సార్" అన్నాడు మా మేనల్లుడు. సీసా వాడే తీసుకుని మూత పెట్టాడు.

ఆ రోజు ముక్కుని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మిగతా ముగ్గుర్నీ, శిక్ష పడ్డ పిల్లల్లా, తలా ఒక గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. చెల్లెమ్మ వాళ్ళ వీధి ట్యాంకు నీళ్ళకి ముగ్గురూ వేసిన అంకెలు మూడు, నాలుగు, మూడు.

"గురువారం కూడా నాకు అనిపించింది సార్" అన్నాడు డ్రైవరు, బెంచీ వైపు చూడకుండా. "కానీ ఆయన సున్నా వేశారు."

పదకొండింటికి మనుషులు వెళ్ళి ట్యాంకు మూత తీశారు. నా చేతిలో పని అయితే అందులో ఒక మొసలినైనా వేసేవాణ్ణి. గాలి గొట్టానికి ఉండే జల్లెడ చిరిగి ఉందంతే. ఆకులు పడి కుళ్ళాయి, గోడలకి నాచు పట్టింది. ఎవరికీ కడుపునొప్పి కూడా రాలేదు. కడిగి, జల్లెడ మార్చి, మళ్ళీ నింపారు. ముక్కు ఆఫీసు ఫోన్ నుంచి చెల్లెమ్మకి చెప్పాడు, స్కానింగు మాన్పించమని. ఆవిడ "సరే" అని పెట్టేసిందట. ఆవిడ అన్నయ్యగారూ అని పిలవలేదన్న సంగతి అతను నాతో రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ ఒకే గొంతుతో.

ఇంట్లో కూడా చెప్పాడు. వాళ్ళావిడ "అయితే నాలుగు నెలలుగా నా వంట మెచ్చుకున్నది మీరు కాదన్నమాట" అందట.

ఉద్యోగం తీసెయ్యలేదు. మిగిలిన ఎనిమిది నెలలకీ స్టోర్సుకి వేశారు, గొట్టాలూ బోల్టులూ ఇచ్చే చోట. కానీ ముందు ఒక పని ఉందని మర్నాడు పిలిపించాడు మా మేనల్లుడు. జ్వరం తర్వాత అతను సంతకం పెట్టిన కాగితాలన్నీ తీసి బల్ల మీద పెట్టించాడు. ముప్పై నాలుగు. ఒక్కో కాగితం మీద తొమ్మిది ట్యాంకులు.

"మీ అంకెలు మీరే కొట్టెయ్యండి సార్. ప్రతిదాని పక్కనా సంతకం పెట్టాలి."

"వాటి బదులు ఏం రాయను?" అన్నాడు ముక్కు.

"ఏమీ రాయొద్దు. గీత చాలు."

అతను కూర్చుని కొట్టెయ్యడం మొదలెట్టాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. సున్నా మీద గీత, పక్కన సంతకం. సున్నా మీద గీత, పక్కన సంతకం. అప్పుడప్పుడు ఒక రెండు. భోజనం వేళకి సగం కూడా అవ్వలేదు. మధ్యాహ్నం గుమాస్తా వచ్చి లైటు వేసి వెళ్ళాడు. నాలుగింటికి చివరి కాగితం తిప్పి, పెన్ను మూత పెట్టి, కుడిచేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కూర్చున్నాడు.

"ఎలా ఉందిరా?" అన్నాను.

వేళ్ళు ఇంకోసారి ముడిచి చూసుకున్నాడు.

"నొప్పిగా ఉంది" అన్నాడు.